రెండో పేరు కూడా చదవండి

అమెరికా రాజధాని వాషింగ్టన్‌ని ఒరుసుకుంటూ ఒక నది పారుతుంది. దాని పేరు పొటోమాక్. ఆ నదికి ఇవతలి ఒడ్డున మేరీలాండ్ రాష్ట్రం ఉంది. అవతలి ఒడ్డున వర్జీనియా రాష్ట్రం ఉంది. ఈ రెండు రాష్ట్రాల్లోనూ గవర్నర్ కుర్చీ పక్కన ఇంకో కుర్చీ ఉంటుంది. ఆ కుర్చీలో కూర్చునేవారిని లెఫ్టినెంట్ గవర్నర్ అంటారు. 2022 నవంబరులో మేరీలాండ్ ప్రజలు ఆ కుర్చీకి ఒక మహిళను ఎన్నుకున్నారు. 2025 నవంబరులో వర్జీనియా ప్రజలు కూడా ఒక మహిళను ఎన్నుకున్నారు. ఇద్దరూ 1964లో పుట్టినవాళ్ళే. ఇద్దరూ మన హైదరాబాదులో పుట్టినవాళ్ళే.

మేరీలాండ్‌లో గెలిచిన ఆమె అరుణా మిల్లర్. పుట్టింటి పేరు కాట్రగడ్డ. మన తెలుగింటి ఆడపడుచు. వర్జీనియాలో గెలిచిన ఆమె గజాలా హష్మీ. నాలుగేళ్ళ వయసులో అమెరికా వెళ్ళేదాకా ఆమె పెరిగింది మలక్‌పేటలో, అమ్మమ్మగారింట్లో.

ఆ వార్తలు వచ్చిన రోజుల్లో మనమంతా సంతోషించాం. మనవాళ్ళు గెలిచారు అనుకున్నాం. పత్రికల్లో ఫోటోలు చూసి ఇంట్లోవాళ్ళకి చూపించాం. సంతోషించవలసిందే. అయితే ఆ సంతోషంలో ఒక ప్రశ్న వెనకపడిపోయింది. ఆ ఇద్దరినీ అక్కడి జనం ఎలా ఎన్నుకున్నారు? ఒకే నదికి రెండు ఒడ్డులే. పదవి పేరు కూడా ఒకటే. ఎన్నుకునే పద్ధతి మాత్రం ఒకటి కాదు.

ఇవాళ నేను చెప్పదలచుకున్న మాట చాలా చిన్నది. రెండో కుర్చీకి వేసే ఓటు చిన్న ఓటు కాదు. ఇవాళ రెండో కుర్చీలో ఉన్న మనిషి రేపు పొద్దున్నే మొదటి కుర్చీలో కూర్చోవలసి రావచ్చు. అందుకే ఆ రెండో పేరును కూడా చదివి, ఆలోచించి, అప్పుడు ఓటు వెయ్యాలి.

ముందు ఈ పదవి సంగతి చెబుతాను. మనకి లెఫ్టినెంట్ గవర్నర్ అనగానే ఢిల్లీయో, పుదుచ్చేరియో గుర్తొస్తుంది. గోదావరి పాయ ఒడ్డున ఉన్న మన యానాం వాళ్ళకైతే ఈ పదవి బాగా తెలుసు. యానాం పుదుచ్చేరిలో భాగం కదా. తెలంగాణ గవర్నర్‌గా పనిచేసిన తమిళిసై సౌందరరాజన్ గారు కొంతకాలం పుదుచ్చేరి బాధ్యతలు కూడా చూశారు. మన దేశంలో ఆ పదవిలో ఉండేవారిని రాష్ట్రపతి నియమిస్తారు. దానికి ఎన్నిక లేదు, ప్రచారం లేదు, ఇంటింటికీ తిరగడం లేదు.

అమెరికాలో అలా కాదు. అక్కడ రాష్ట్ర గవర్నర్ అంటే దాదాపు మన ముఖ్యమంత్రి లాంటివారు. పరిపాలన అంతా వారి చేతిమీదుగానే నడుస్తుంది. ఆయనను గానీ ఆమెను గానీ జనమే నేరుగా ఎన్నుకుంటారు. గవర్నర్ చనిపోయినా, రాజీనామా చేసినా, పదవి పోగొట్టుకున్నా చాలా రాష్ట్రాల్లో ఆ కుర్చీ ఎక్కేది లెఫ్టినెంట్ గవర్నర్. ఆ మనిషిని ఎన్నుకునేది కూడా చాలాచోట్ల జనమే.

అసలు ఈ పదవి అవసరమా అని మీకు అనిపించవచ్చు. ఒకప్పుడు మేరీలాండ్ వాళ్ళకీ అనిపించింది. దాదాపు నూరేళ్ళు ఆ రాష్ట్రం ఈ పదవి లేకుండానే గడిపేసింది. మరి ఎందుకు తెచ్చుకున్నారు? అది వినదగ్గ కథ.

1966లో స్పైరో ఆగ్న్యూ అనే ఆయన్ని మేరీలాండ్ ప్రజలు గవర్నర్‌గా గెలిపించారు. ఆయనది రిపబ్లికన్ పార్టీ. రెండేళ్ళు తిరిగాయో లేదో, దేశాధ్యక్ష పదవికి పోటీ చేస్తున్న రిచర్డ్ నిక్సన్ ఆయన్ని ఉపాధ్యక్ష పదవికి అభ్యర్థిగా తీసుకున్నారు. ఇద్దరూ గెలిచారు. 1969 జనవరిలో ఆగ్న్యూ గవర్నర్ పదవి వదిలేసి వాషింగ్టన్ వెళ్ళిపోయారు. మేరీలాండ్‌లో కుర్చీ ఖాళీ అయింది. దానిలో కూర్చోవలసిన రెండో మనిషి లేడు. అప్పుడేం చేశారు? శాసనసభ సమావేశమై స్పీకర్‌గా ఉన్న మార్విన్ మాండెల్‌ని గవర్నర్‌గా ఎన్నుకుంది. ఆయనది డెమొక్రటిక్ పార్టీ. చూశారా? జనం ఒక పార్టీ మనిషికి ఓటేశారు. ఆ కాలపరిమితి పూర్తికాకుండానే, మధ్యలో మళ్ళీ ఓటు అడగకుండానే, ఇంకో పార్టీ మనిషి పాలకుడయ్యాడు. చట్టప్రకారం అందులో తప్పేమీ లేదు. జనం మాట మాత్రం పక్కకి పోయింది.

ఆ అనుభవంతో 1970లో మేరీలాండ్ రాజ్యాంగం సవరించుకున్నారు. లెఫ్టినెంట్ గవర్నర్ పదవి పెట్టుకున్నారు. గవర్నర్ అభ్యర్థి, లెఫ్టినెంట్ గవర్నర్ అభ్యర్థి జంటగా పోటీ చెయ్యాలి. ఓటు ఒక్కటే. ఆ ఒక్క ఓటూ ఇద్దరికీ కలిపే పడుతుంది.

ఆ పదవికి పని త్వరలోనే పడింది. అలా మొదట జంటగా గెలిచిన వాళ్ళు మాండెల్, బ్లెయిర్ లీ. 1977లో గవర్నర్ మాండెల్ మీద అవినీతి కేసు విచారణకి వచ్చింది. ఆయన తన అధికారాలు బ్లెయిర్ లీకి అప్పగించారు. తర్వాత న్యాయస్థానం మాండెల్‌కి శిక్ష వేసింది. చాలా ఏళ్ళకి, 1987లో, ఆ తీర్పును ఇంకో న్యాయమూర్తి కొట్టేశారు. అది వేరే కథ. మనకి కావలసింది ఏమిటంటే, ఏడాదిన్నరకి పైగా మేరీలాండ్‌ని నడిపింది రెండో కుర్చీలో ఉన్న మనిషే. పదవి పెట్టుకుని పదేళ్ళు కూడా కాలేదు. ఆ పదవే లేకపోతే మళ్ళీ శాసనసభలో బేరాలు మొదలయ్యేవి.

ఇక అరుణా మిల్లర్ దగ్గరికి వద్దాం. ఏడేళ్ళ వయసులో, 1972లో ఆమె అమెరికాలో అడుగుపెట్టారు. విమానం దిగేసరికి మంచు కురుస్తోంది. ఆ పిల్ల ఎన్నడూ మంచు చూసింది కాదు. తన రాక కోసం జనం రంగుకాగితాలు చల్లుతున్నారని అనుకుందట. ఈ సంగతి ఆమె తన ప్రసంగాల్లో చెప్పుకుంటారు. ఆ పిల్ల పెరిగి సివిల్ ఇంజనీరైంది. మేరీలాండ్‌లోని మాంట్‌గొమరీ కౌంటీ రవాణా విభాగంలో ఇరవై అయిదేళ్ళు పనిచేసింది. రోడ్లు, దారులు, పాదచారుల భద్రత, ఇవీ ఆమె పనులు. 2000లో అమెరికా పౌరసత్వం వచ్చింది. 2010లో రాష్ట్ర ప్రతినిధుల సభకి గెలిచారు. ఎనిమిదేళ్ళు ఆ సభలో కూర్చున్నారు. 2018లో అమెరికా కాంగ్రెస్‌కి వెళ్ళాలని ప్రయత్నించి, పార్టీ తన అభ్యర్థిని ఎంచుకునే ప్రాథమిక ఎన్నికలోనే ఓడిపోయారు.

2021 చివర్లో, గవర్నర్ పదవికి పోటీ చేస్తున్న వెస్ మూర్ ఆమెను తన జంటగా ఎంచుకున్నారు. ఇక్కడ ఆగి ఆలోచించండి. మూర్ సైన్యంలో పనిచేసిన మనిషి, రచయిత, ఒక పెద్ద సేవాసంస్థని నడిపిన మనిషి. అయితే అంతకుముందు జనం ఓటుతో వచ్చిన పదవి ఒక్కటీ చెయ్యలేదు. అరుణ గారికి శాసనసభ లోపలి దారులన్నీ తెలుసు. ఒకరికి లేనిది ఇంకొకరి దగ్గర ఉంది. జంటని ఎంచుకోవడం అంటే అదీ. 2022 నవంబరులో ఆ జంట పెద్ద ఆధిక్యంతో గెలిచింది. మూర్ మేరీలాండ్‌కి తొలి నల్లజాతి గవర్నర్ అయ్యారు. అరుణ గారు 2023 జనవరిలో భగవద్గీత మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేశారు.

మరి ఆ కుర్చీలో ఆమెకి ఏమి అధికారాలు ఉన్నాయి? మేరీలాండ్ రాజ్యాంగం ప్రకారం గవర్నర్ ఏ పని అప్పగిస్తే అదే ఆమె పని. గవర్నర్ ఎక్కువ అప్పగిస్తే ఎక్కువ, తక్కువ అప్పగిస్తే తక్కువ. సొంతంగా ఏమీ లేదు. అయినా కుర్చీ ఖాళీ అయిన మరుక్షణం, అంతా ఆమెదే. ఈ మాట మరొక్కసారి చెబుతున్నాను. మామూలు రోజుల్లో దాదాపు ఏమీ లేదు. ఆ ఒక్కరోజు వస్తే మొత్తం రాష్ట్రం.

ఇప్పుడు నది దాటి వర్జీనియా వెళదాం.

వర్జీనియాలో జంట లేదు. గవర్నర్‌కి ఒక ఓటు. లెఫ్టినెంట్ గవర్నర్‌కి వేరే ఓటు. అటార్నీ జనరల్‌కి ఇంకో ఓటు. ముగ్గురికీ మూడు ఓట్లు. మీరు గవర్నర్‌కి ఒక పార్టీని, లెఫ్టినెంట్ గవర్నర్‌కి ఇంకో పార్టీని ఎన్నుకోవచ్చు. ఇది ఊహించి చెబుతున్నది కాదు, జరిగింది. 2005లో వర్జీనియా ప్రజలు డెమొక్రాట్ టిమ్ కేన్‌ని గవర్నర్ చేశారు. అదే రోజు, అదే ఎన్నికలో, రిపబ్లికన్ బిల్ బోలింగ్‌ని లెఫ్టినెంట్ గవర్నర్ చేశారు. నాలుగేళ్ళు ఇద్దరూ అలాగే పనిచేశారు.

వర్జీనియాలో ఆ రెండో కుర్చీకి ఇంకో బలం ఉంది. అక్కడి సెనేట్‌కి అధ్యక్షత వహించేది లెఫ్టినెంట్ గవర్నరే. ఆ సెనేట్‌లో నలభై మంది సభ్యులు. నలభై అంటే సరి సంఖ్య. ఇటు ఇరవై, అటు ఇరవై వస్తే? అప్పుడు లెఫ్టినెంట్ గవర్నర్ ఓటు తీర్పు చెబుతుంది. బడ్జెట్ లాంటి కొన్ని విషయాల్లో ఆ ఓటు చెల్లదు గానీ చాలావాటిలో చెల్లుతుంది. 2012లో సరిగ్గా అదే జరిగింది. సభ ఇరవై, ఇరవైగా చీలింది. సభని ఏ పార్టీ నడపాలి అన్నది అప్పటికీ ఆ పదవిలోనే ఉన్న బోలింగ్ ఒక్క ఓటు మీద ఆధారపడింది. లెఫ్టినెంట్ గవర్నర్ ఎన్నికని పట్టించుకోకుండా ఇంట్లో కూర్చున్న వాళ్ళకి ఆ రోజు ఆ పదవి విలువ తెలిసింది.

మరో సంగతి. వర్జీనియాలో ఒక గవర్నర్ వరసగా రెండోసారి ఉండడానికి వీల్లేదు. నాలుగేళ్ళకి దిగిపోవలసిందే. అందుకే రెండో కుర్చీలో ఉన్నవాళ్ళ చూపు మొదటి కుర్చీ మీద ఉంటుంది. వాళ్ళలో అందరికంటే గుర్తుంచుకోవలసిన పేరు డగ్లస్ వైల్డర్. ఆయన తాత, నానమ్మ బానిసలుగా బతికినవాళ్ళు. బానిసత్వం కోసం యుద్ధం చేసిన దక్షిణాది రాష్ట్రాలకి రాజధాని వర్జీనియాలోని రిచ్‌మండే. ఆ రిచ్‌మండ్‌లోనే వైల్డర్ పుట్టారు. 1985లో లెఫ్టినెంట్ గవర్నర్‌గా గెలిచారు. నాలుగేళ్ళు సభాపతి కుర్చీలో జనం ఆయన్ని చూశారు. 1989లో ఏడువేల ఓట్ల లోపు తేడాతో గవర్నర్‌గా గెలిచారు. అమెరికా చరిత్రలో జనం ఓటుతో గవర్నర్ అయిన మొదటి నల్లజాతి మనిషి ఆయనే. రెండో కుర్చీ ఆయనకి తలుపు తీసింది.

ఇప్పుడు గజాలా హష్మీ సంగతి. ఆమె రాజకీయాల్లో పుట్టి పెరిగిన మనిషి కాదు. సాహిత్యం పాఠాలు చెప్పిన అధ్యాపకురాలు. అమెరికన్ సాహిత్యంలో డాక్టరేట్ చేశారు. దాదాపు ముప్ఫై ఏళ్ళు కళాశాలల్లో పనిచేశారు. 2019లో మొదటిసారి ఎన్నికల్లో నిలబడ్డారు. అప్పటికే పదవిలో ఉన్న సెనేటర్‌ని ఓడించి, రాష్ట్ర సెనేట్‌లోకి వచ్చిన తొలి ముస్లిం మహిళ అయ్యారు. 2025 జూన్‌లో లెఫ్టినెంట్ గవర్నర్ పదవికి తమ పార్టీ ప్రాథమిక ఎన్నికలో పోటీ చేశారు. ఆరుగురు అభ్యర్థులు. ముగ్గురి మధ్య నువ్వా నేనా అన్నట్టు సాగింది. నూటికి ఒక ఓటు కూడా లేని తేడాతో ఆమె ముందుకి వచ్చారు. నవంబరులో అసలు ఎన్నికలో రిపబ్లికన్ అభ్యర్థి జాన్ రీడ్ మీద గెలిచారు. మొత్తం రాష్ట్రం ఓటుతో పదవికి వచ్చిన తొలి ముస్లిం మహిళ అమెరికా అంతటిలో ఆమే.

ఆ ఎన్నికలోనే ఆబిగైల్ స్పాన్‌బర్గర్ వర్జీనియాకి తొలి మహిళా గవర్నర్ అయ్యారు. ఆమె ఓడించింది ఎవరిని? అప్పటిదాకా లెఫ్టినెంట్ గవర్నర్‌గా ఉన్న విన్సమ్ అర్ల్ సియర్స్‌ని. ఆ రోజు మూడు పదవులూ ఒకే పార్టీకి వచ్చాయి. అయితే ముగ్గురికీ వచ్చిన ఆధిక్యాలు సమానం కాదు. స్పాన్‌బర్గర్‌కి ఎక్కువ, హష్మీకి అంతకంటే తక్కువ, అటార్నీ జనరల్ అభ్యర్థికి ఇంకా తక్కువ. అంటే ఏమిటి? చాలామంది ఓటర్లు పార్టీ గుర్తు చూసి గుడ్డిగా ముద్ర వెయ్యలేదు. ప్రతి పేరూ చదివారు. ఎవరికి వెయ్యాలో విడివిడిగా ఆలోచించారు. అది నాకు చాలా నచ్చింది.

సరే, రెండు పద్ధతులూ విన్నారు. మేరీలాండ్‌లో జంట, ఒక్క ఓటు. వర్జీనియాలో విడివిడిగా, వేరే ఓటు. ఏది మేలు?

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. జంట పద్ధతే మేలు. ఎందుకంటే, కుర్చీ ఖాళీ అయినప్పుడు జనం ఇచ్చిన తీర్పు తలకిందులు కాకూడదు. అరిజోనా అనే రాష్ట్రం ఉంది. అక్కడ చాలాకాలం లెఫ్టినెంట్ గవర్నర్ లేరు. గవర్నర్ తరవాత సెక్రటరీ ఆఫ్ స్టేట్ అనే అధికారి ఉంటారు. 2009లో గవర్నర్ జానెట్ నపోలిటానో, ఒబామా మంత్రివర్గంలో చేరడానికి వెళ్ళిపోయారు. ఆమె డెమొక్రాట్. ఆమె కుర్చీలోకి వచ్చిన సెక్రటరీ జాన్ బ్రూవర్ రిపబ్లికన్. మేరీలాండ్‌లో 1969లో జరిగిన కథే నలభై ఏళ్ళ తరవాత అరిజోనాలో జరిగింది. చివరికి 2022లో అరిజోనా ప్రజలు ఓటు వేసి లెఫ్టినెంట్ గవర్నర్ పదవి పెట్టుకున్నారు. జంట పద్ధతిలోనే పెట్టుకున్నారు. మొదటి ఎన్నిక 2026లో.

అయితే జంట పద్ధతికి ఒక షరతు ఉండాలి. ఆ రెండో పేరు ముందే తెలియాలి. చివరి నిమిషంలో ఎవరినో తెచ్చి పక్కన నిలబెడితే, జనం ఆ మనిషిని తూచి చూసే అవకాశం ఉండదు. మేరీలాండ్‌లో పార్టీ ప్రాథమిక ఎన్నికకి ముందే రెండు పేర్లూ ఇవ్వాలి. అరుణ గారి పేరు అసలు ఎన్నికకి దాదాపు ఏడాది ముందే జనానికి తెలుసు. అదీ సరైన పద్ధతి. జంటగా ఉండాలి, ముందే తెలియాలి. ఈ రెండూ కలిస్తేనే ఓటరుకి న్యాయం.

రెండో కుర్చీ నుంచి మొదటి కుర్చీకి రావడం ఎప్పుడో గానీ జరగదులే అనుకోకండి. టెక్సాస్ చూడండి. మన తెలుగువాళ్ళు వేలాదిగా స్థిరపడిన రాష్ట్రం. 2000లో గవర్నర్ జార్జి బుష్ దేశాధ్యక్షుడిగా ఎన్నికయ్యారు. లెఫ్టినెంట్ గవర్నర్ రిక్ పెర్రీ గవర్నర్ అయ్యారు. తర్వాత జనం ఓటుతో గెలుస్తూ పద్నాలుగేళ్ళు ఆ కుర్చీలో ఉన్నారు. న్యూయార్క్ చూడండి. 2008లో గవర్నర్ ఎలియట్ స్పిట్జర్ రాజీనామా చేస్తే డేవిడ్ పాటర్సన్ వచ్చారు. 2021లో ఆండ్రూ క్వోమో రాజీనామా చేస్తే కేథీ హోచుల్ వచ్చారు. పదమూడేళ్ళలో రెండుసార్లు.

మన దగ్గర సంగతి ఏమిటి? 2009 సెప్టెంబరు మీకు గుర్తుండే ఉంటుంది. హెలికాప్టర్ ప్రమాదంలో ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి గారు మరణించారు. రాష్ట్రమంతా దిగ్భ్రాంతిలో ఉంది. ఆర్థిక మంత్రిగా ఉన్న రోశయ్య గారు బాధ్యత తీసుకున్నారు. మనది వేరే పద్ధతి. శాసనసభలో బలం ఉన్న పార్టీ నాయకుణ్ణి ఎన్నుకుంటుంది. అందులో తప్పు లేదు. మనకి ఉపముఖ్యమంత్రులు ఉంటారు. అయితే మన రాజ్యాంగంలో ఉపముఖ్యమంత్రి అనే పదవి ప్రస్తావనే లేదు. ఒక్కరుండవచ్చు, ఐదుగురుండవచ్చు, అసలు లేకపోవచ్చు. ముఖ్యమంత్రి తరవాత ఎవరు అని ఎన్నికల ముందు మనం ఏ పార్టీనీ అడగం. అడగాలి. చట్టం అడగమనకపోయినా ఓటరు అడగవచ్చు. మీ తరవాత బాధ్యత మోసేవాళ్ళెవరు, వాళ్ళకి ఉన్న అనుభవం ఏమిటి అని అడిగే హక్కు మనకి ఉంది.

శ్రోతలారా, చివరిగా ఒక మనవి. మీలో చాలామందికి పిల్లలు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు అమెరికాలో ఉన్నారు. వాళ్ళలో పౌరసత్వం వచ్చి, ఓటు ఉన్నవాళ్ళు ఉన్నారు. వాళ్ళు అధ్యక్ష ఎన్నికలప్పుడు రాత్రంతా టీవీ ముందు కూర్చుంటారు. రాష్ట్ర ఎన్నికలు వచ్చేసరికి ఆఫీసు పనుల్లో పడి మరిచిపోతారు. ఈసారి వాళ్ళు ఫోన్ చేసినప్పుడు అడగండి. మీ రాష్ట్రంలో లెఫ్టినెంట్ గవర్నర్ ఎవరు, అమ్మా? ఆ మనిషిని జంటగా ఎన్నుకుంటారా, విడిగా ఎన్నుకుంటారా, నాయనా? జవాబు తెలియకపోతే తెలుసుకోమని చెప్పండి. మనవాళ్ళు గెలిచారన్న సంతోషం ఒక్క రోజుది. మనవాళ్ళు ఆలోచించి ఓటు వేశారన్న గౌరవం చాలాకాలం నిలుస్తుంది.

అక్కడైనా ఇక్కడైనా, ఓటు వేసే ముందు మొదటి పేరుతో ఆగిపోకండి. రెండో పేరు కూడా చదవండి. ఆ మనిషి చేతిలో రాష్ట్రాన్ని పెట్టగలమా అని మిమ్మల్ని మీరు అడగండి. పెట్టగలం అనిపిస్తేనే ఓటు వెయ్యండి.